అరబిక్‌లో నడిచే కంప్యూటర్

కంప్యూటర్‌లో అరబిక్ ఆపరేటింగ్ సిస్టమ్ వేయించడం అన్న మాటలో మూడు పనులు కలిసిపోయి ఉన్నాయి. మెనూలు, హెచ్చరికలు, ఐకాన్ల కింది పేర్లు అరబిక్‌లో కనిపించడం ఒక పని. కీబోర్డు నొక్కితే అరబిక్ అక్షరాలు పడటం మరో పని. పడిన అక్షరాలు కుడి నుంచి ఎడమకు సాగుతూ, ఒకదానితో ఒకటి సరిగ్గా కలిసి, తెర మీదా అచ్చులోనూ ఒకేలా రావడం మూడో పని. ఈ మూడో పనికి కావలసిన సరంజామా ఇప్పటి విండోస్, లైనక్స్ కంప్యూటర్లలో కొన్ననాటి నుంచే ఉంటుంది. రెండోదానికి సెట్టింగ్స్‌లో కొద్ది నిమిషాలు చాలు. సిస్టమ్‌నే తీసి మళ్లీ వేయాల్సిన అవసరం మొదటిదానికి మాత్రమే, అదీ కొన్ని రకాల విండోస్‌లలోనే వస్తుంది. ఈ తేడా తెలిస్తే, అరబిక్ లిపి నుంచే పెరిగిన లిపిలో రాసే ఉర్దూలో నాలుగు లైన్ల టైపు కోసం కంప్యూటర్ మొత్తం ఫార్మాట్ కొట్టించి, దాచుకున్న ఫోటోలు, లెక్కలు పోగొట్టుకునే పరిస్థితి రాదు.

సికింద్రాబాద్ నుంచి వాడి వెళ్లే రైలు మార్గంలో ఉన్న వికారాబాద్, తాండూరు పట్టణాల్లో ఈ విషయం చాలామందికి పనికొస్తుంది. 2016 అక్టోబరు 11న ఏర్పడిన వికారాబాద్ జిల్లాలో తాండూరు కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉంటుంది. బండల వ్యాపారానికీ, కందిపప్పుకూ పేరుపడిన ఆ ఊరి బజారులో తెలుగు, ఉర్దూ, కన్నడ మూడూ వినిపిస్తాయి. నిజాం కాలంలో ఈ ప్రాంతపు పాలన ఉర్దూలో సాగింది. భూమి తగాదా వచ్చినప్పుడు సేత్వార్ అనే పాత భూమి రికార్డు నకలు తీయించుకునే రైతు, ఉర్దూ చదవగలిగిన మనిషి కోసం ఇప్పటికీ వెతుక్కుంటాడు. 2017 నవంబరులో తెలంగాణ శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాషగా చేసే బిల్లును ఆమోదించింది. కాబట్టి దరఖాస్తైనా, జవాబైనా ఉర్దూలో టైపు చేయగల కంప్యూటర్ ఒక కార్యాలయ అవసరం, పౌరుడి హక్కుతో ముడిపడిన అవసరం.

అరబిక్ భాష అవసరం ఇంతకన్నా పరిమితం. మదర్సాలలో ఖురాన్ పాఠాలు సిద్ధం చేసేవారు, విశ్వవిద్యాలయంలో అరబిక్ చదివే విద్యార్థులు, గల్ఫ్‌లో ఉద్యోగానికి సిద్ధమయ్యేవారు, అక్కడ అరబిక్ కంప్యూటర్ మీద పనిచేసి వచ్చినవారు దాన్ని కోరుకుంటారు. హైదరాబాద్‌లో అరబిక్ ప్రచురణకు గట్టి చరిత్రే ఉంది. 1888లో మొదలైన దాయిరతుల్ మారిఫ్ సంస్థ అరబిక్ రాతప్రతులను పరిష్కరించి అచ్చు వేసింది. అయినా వికారాబాద్, తాండూరులలో ‘అరబిక్ విండోస్ కావాలి’ అన్న కోరిక వెనక చాలాసార్లు ఉండేది ఉర్దూ అవసరమే. ఉర్దూది అరబిక్ నుంచి పెరిగిన లిపి. రెండింటికీ కంప్యూటర్‌లో చేయాల్సిన ఏర్పాటు దాదాపు ఒకటే, కానీ తేడా ఉన్నచోట ఆ తేడా చాలా పెద్దది.

లిపి నడక

అరబిక్‌లో 28 అక్షరాలున్నాయి. చాలా అక్షరాలకు నాలుగేసి రూపాలుంటాయి. అక్షరం ఒంటరిగా ఉంటే ఒక రూపం, మాట మొదట్లో ఇంకొకటి, మధ్యలో మరొకటి, చివర వేరొకటి. అలిఫ్, దాల్, జాల్, రే, జే, వావ్ అనే ఆరు మాత్రం తమ తర్వాతి అక్షరంతో కలవవు. టైపు చేసేవారు ఈ రూపాలను ఎంచుకోనక్కర్లేదు. ఒక అక్షరానికి ఒకటే కీ. పక్కన ఏముందో చూసి తగిన రూపాన్ని సిస్టమే వేస్తుంది. తెలుగులో క తర్వాత పొల్లు, ఆ తర్వాత ష కొడితే క్ష వచ్చేదీ ఈ రకం యంత్రాంగం వల్లే. అందుకే కంప్యూటర్ రంగంలో తెలుగును, అరబిక్‌ను ఒకే కోవలో, సంక్లిష్ట లిపులుగా లెక్కిస్తారు.

ఈ చుట్టరికం విండోస్ ఎక్స్‌పీ వాడినవారికి కళ్లారా కనిపించింది. 2001లో వచ్చిన ఎక్స్‌పీ తెలుగును గుర్తించిన మొదటి విండోస్. కానీ కంట్రోల్ ప్యానెల్‌లోని భాషల పేజీలో సంక్లిష్ట లిపులు, కుడి నుంచి ఎడమకు రాసే భాషల కోసం ఉన్న గడిలో టిక్కు పెట్టి, సీడీ నుంచి ఫైళ్లు ఎక్కిస్తేనే తెలుగు సరిగ్గా కనిపించేది. ఆ ఒక్క టిక్కుతోనే అరబిక్, ఉర్దూ కూడా వచ్చేసేవి. విస్టా నుంచి ఆ టిక్కు అవసరం పోయింది, ఆ ఫైళ్లు సిస్టమ్‌తో పాటే వస్తున్నాయి.

అంతకు ముందు కథ వేరు. 1980లలో కువైట్‌కు చెందిన సఖ్ర్ సంస్థ అరబిక్‌లో పనిచేసే ఇంటి కంప్యూటర్లను అమ్మింది. విండోస్ 3.1, 95, 98 కాలంలో అరబిక్ విండోస్ విడిగా తయారయ్యేది. ఇంగ్లిష్ విండోస్ ఉన్న యంత్రంలో అరబిక్ కావాలంటే నిజంగానే మొత్తం తీసి వేరే విండోస్ వేయాల్సి వచ్చేది. విండోస్ 2000 నుంచి అన్ని భాషలకూ లోపలి కోడ్ ఒక్కటే అయింది. ‘అరబిక్ కావాలంటే ఫార్మాట్ కొట్టాలి’ అన్న నమ్మకం ఆ పాత రోజుల నుంచి మిగిలింది. అప్పుడది నిజమే, ఇప్పుడు చాలావరకు కాదు.

రాత దిశ సంగతి కొంచెం విడమరచి చెప్పుకోవాలి. అరబిక్, ఉర్దూ అక్షరాలు కుడి నుంచి ఎడమకు సాగినా, అంకెలు మాత్రం ఎడమ నుంచి కుడికే సాగుతాయి. మధ్యలో తెలుగు మాటో ఇంగ్లిష్ మాటో వస్తే అదీ ఎడమ నుంచి కుడికే నడవాలి. ఒకే పంక్తిలో రెండు దిశలు కలిసినప్పుడు ఏ ముక్క ఎక్కడ నిలవాలో తేల్చడానికి యూనికోడ్ ప్రమాణంలో ప్రత్యేకమైన నియమావళి ఉంది. ఫైల్‌లో అక్షరాలు చదివే వరుసలోనే నిల్వ ఉంటాయి, చూపించేటప్పుడు మాత్రమే దిశ మారుతుంది. అందుకే ఉర్దూ, తెలుగు కలిసిన పంక్తిలో కర్సర్ ఉన్నట్టుండి అటు నుంచి ఇటు గెంతుతుంది, ఎంపిక చేసిన భాగం రెండు ముక్కలుగా కనిపిస్తుంది. కొత్తవారికి ఇది లోపంలా అనిపిస్తుంది కానీ లోపం కాదు. హైఫన్లు పెట్టి రాసిన ఫోన్ నంబరు ముక్కలు తారుమారై కనిపించడం, బ్రాకెట్లు ఎదురుబొదురుగా తిరగడం కూడా ఇందువల్లే జరుగుతాయి. పేరా దిశను సరిగ్గా నిర్ణయిస్తే ఈ చికాకుల్లో చాలావరకు తీరిపోతాయి. వర్డ్‌లో కంట్రోల్ కీతో పాటు కుడి వైపు షిఫ్ట్ నొక్కితే పేరా కుడి నుంచి మొదలవుతుంది, ఎడమ షిఫ్ట్ నొక్కితే మళ్లీ ఎడమకు వస్తుంది.

కీబోర్డు చాలినప్పుడు

విండోస్ 10, 11లలో సెట్టింగ్స్ తెరిచి, టైమ్ అండ్ లాంగ్వేజ్‌లో భాషల పేజీకి వెళ్లి కొత్త భాష చేర్చుకోవచ్చు. జాబితాలో అరబిక్‌కు దేశాల వారీగా చాలా రకాలున్నాయి. సౌదీ, ఈజిప్ట్, యూఏఈ వంటి ఈ రకాల మధ్య తేడా ముఖ్యంగా తేదీ, కరెన్సీ, క్యాలెండర్ పద్ధతుల్లోనే. ఉర్దూకు పాకిస్తాన్ రకం, భారత్ రకం రెండూ ఉన్నాయి. ఇక్కడివారు భారత్ రకాన్ని ఎంచుకోవడం మేలు. భాష చేర్చేటప్పుడు దాన్ని డిస్‌ప్లే భాషగా పెట్టమని అడిగే గడిలో టిక్కు తీసేస్తే మెనూలు ఉన్న భాషలోనే ఉంటాయి, కీబోర్డు మాత్రమే చేరుతుంది. తర్వాత విండోస్ కీ పట్టుకుని స్పేస్ నొక్కినప్పుడల్లా కీబోర్డు భాష మారుతూ ఉంటుంది.

ఏ అక్షరం ఏ కీ మీద ఉందో గుర్తు లేనివారు విండోస్, కంట్రోల్, ఓ కీలు కలిపి నొక్కితే తెర మీదే కీబోర్డు వస్తుంది. కీల మీద అంటించే అరబిక్ అక్షరాల స్టిక్కర్లు కూడా దొరుకుతాయి. అరబిక్‌కు గల్ఫ్ దేశాల్లో ముద్రించి అమ్మే కీబోర్డులకు సరిపడే అమరిక 101 అన్న పేరుతో ఉంటుంది. ఉర్దూ వారిలో ఎక్కువమంది ఉచ్చారణను బట్టి అమర్చిన ఫొనెటిక్ కీబోర్డును ఇష్టపడతారు. అందులో ఇంగ్లిష్ బి నొక్కితే బే, పి నొక్కితే పే పడతాయి. విండోస్‌తో వచ్చే అమరిక నచ్చకపోతే ఫొనెటిక్ అమరికను విడిగా దింపుకుని ఎక్కించుకోవాలి.

ఇక్కడే తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ఉర్దూ కోసం అరబిక్ కీబోర్డు వాడకూడదు. పే, చే, గాఫ్ అక్షరాలు, ట, డ వంటి ధ్వనులకు ఉర్దూ చేర్చుకున్న అక్షరాలు, పెద్ద యే అరబిక్‌లో లేవు. అవి లేవని వెంటనే తెలిసిపోతుంది. కానీ కంటికి తెలియని చిక్కు మరొకటి ఉంది. కాఫ్, యే అక్షరాలు అరబిక్‌లోనూ ఉర్దూలోనూ ఉన్నా, యూనికోడ్‌లో వాటికి వేర్వేరు సంఖ్యలున్నాయి. మాట మొదట్లో, మధ్యలో అవి చూడటానికి ఒకేలా ఉంటాయి. కరీం అన్న పేరును ఒకరు అరబిక్ కీబోర్డుతో, ఇంకొకరు ఉర్దూ కీబోర్డుతో టైపు చేస్తే కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు పేర్లు. పేరు కొట్టి వెతికితే రికార్డు దొరకదు. ఓటర్ల జాబితా, విద్యార్థుల రిజిస్టరు, భూమి దస్తావేజుల సూచిక వంటివి తయారుచేసే చోట ఈ పొరపాటు ఏళ్ల తరబడి ఇబ్బంది పెడుతుంది. మొదటి రోజే సరైన కీబోర్డు పెట్టుకోవడం ఎంతైనా అవసరం.

నస్తాలీఖ్ గొడవ

అరబిక్ పుస్తకాలు సాధారణంగా నస్ఖ్ శైలిలో, అంటే అక్షరాలు ఒకే గీత మీద నిలిచే శైలిలో అచ్చవుతాయి. ఉర్దూ చదువరులు ఇష్టపడేది నస్తాలీఖ్. అందులో ప్రతి మాట కుడి వైపు పైనుంచి ఎడమ వైపు కిందికి వాలుతూ దిగుతుంది. చుక్కలు, మలుపులు పక్క అక్షరాలను బట్టి జరుగుతాయి. కంప్యూటర్‌కు ఇది చాలాకాలం కొరకరాని కొయ్యగా ఉండింది. ఉర్దూ పత్రికలను కాతిబులనే లేఖకులు చేత్తో రాసి అచ్చు వేసేవారు. 1927లో మొదలైన చెన్నై పత్రిక ది ముసల్మాన్ చేతిరాతతోనే ఇటీవలి కాలం దాకా నడిచింది. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ వేలాది అక్షర సముదాయాలను తానే రాసి, మోనోటైప్ సంస్థ యంత్రం కోసం నూరీ నస్తాలీఖ్‌ను రూపొందించారు. 1994లో ఢిల్లీకి చెందిన కాన్సెప్ట్ సాఫ్ట్‌వేర్ సంస్థ తెచ్చిన ఇన్‌పేజ్‌తో ఈ అందమైన రాత మామూలు డీటీపీ సెంటర్‌కు చేరింది. శుభలేఖలు, పోస్టర్లు, చిన్న పత్రికలు దాని మీదే తయారయ్యాయి.

అయితే తొలి ఇన్‌పేజ్ ఫైళ్లు యూనికోడ్‌లో లేవు. ఆ ఫైల్‌లోని ఉర్దూను తీసి మెయిల్‌లోనో వెబ్ ఫారంలోనో పెడితే అర్థంలేని గుర్తులు వస్తాయి. కన్వర్టర్‌తో మార్చుకోవాలి, మార్చాక ప్రతి పేజీనీ మూలంతో సరిచూసుకోవాలి. ఇన్‌పేజ్ తర్వాతి వెర్షన్లు యూనికోడ్‌కు మారాయి.

ఇప్పుడు నస్తాలీఖ్ ఫాంట్లు సిస్టమ్‌లోనే దొరుకుతున్నాయి. విండోస్‌లో ఉర్దూ టైప్‌సెట్టింగ్ అన్న ఫాంటు ఉంది. ఇంటర్నెట్ ఉన్నప్పుడు ఉర్దూ భాషను చేర్చితే అది సాధారణంగా దానంతటదే దిగుతుంది. దిగకపోతే ఆప్షనల్ ఫీచర్స్‌లో అరబిక్ లిపి అదనపు ఫాంట్ల మూటను విడిగా ఎక్కించాలి. గూగుల్ ఇచ్చే నోటో నస్తాలీఖ్ ఉర్దూ ఉచితం, లైనక్స్‌లోనూ విండోస్‌లోనూ పనిచేస్తుంది. నస్తాలీఖ్ మాటలు నిలువునా ఎక్కువ చోటు తీసుకుంటాయి కాబట్టి పంక్తుల మధ్య ఎడం పెంచకపోతే పైచుక్కలు తెగిపోతాయి. సర్టిఫికెట్ల మీద ఉర్దూ పేర్లు పైన కోసినట్టు అచ్చవడానికి చాలాసార్లు కారణం ఇదే.

లిబ్రేఆఫీస్ వాడేవారు ఇంకో సంగతి గమనించాలి. అందులో తెలుగుకూ ఉర్దూకూ కలిపి సంక్లిష్ట లిపుల ఫాంటు ఒకటే గడిలో ఉంటుంది. అక్కడ నస్తాలీఖ్ పెడితే తెలుగు అక్షరాలకు వేరే ఏదో ఫాంటు అందుతుంది. రెండు భాషల పత్రం తయారుచేసేటప్పుడు ఒక్కో భాషకు ఒక్కో స్టైల్ తయారు చేసుకుని, పేరాలకు దాన్ని వర్తింపజేయడం సరైన పద్ధతి.

మెనూలూ మారాలంటే

తెరంతా అరబిక్‌లో ఉండాలనుకుంటే ముందుగా చూడాల్సింది కంప్యూటర్‌లో ఉన్న విండోస్ రకం. సెట్టింగ్స్‌లో సిస్టమ్, దాని కింద అబౌట్ తెరిస్తే పేరు కనిపిస్తుంది. హోమ్ లేదా ప్రో అని ఉంటే అరబిక్ లాంగ్వేజ్ ప్యాక్ దించుకుని, దాన్ని డిస్‌ప్లే భాషగా ఎంచుకుని, సైన్ అవుట్ అయి తిరిగి లోపలికి వస్తే సరిపోతుంది. ఒక్క ఫైలూ పోదు. ఇంట్లో ఒకరి ఖాతా అరబిక్‌లో, ఇంకొకరిది తెలుగులో, మరొకరిది ఇంగ్లిష్‌లో ఉండవచ్చు. అరబిక్ పూర్తి స్థాయి అనువాదం ఉన్న భాషల్లో ఒకటి. తెలుగు, ఉర్దూ భాషలకు ఉన్నవి ఇంటర్‌ఫేస్ ప్యాక్‌లు. వాటిలో తరచూ వాడే భాగాలే ఆ భాషలో వస్తాయి, మిగతాది ఇంగ్లిష్‌లో ఉండిపోతుంది.

హోమ్ సింగిల్ లాంగ్వేజ్ అని ఉంటే సంగతి మారుతుంది. మన దేశంలో అమ్మే ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఈ రకమే వస్తుంది. పేరులో ఉన్నట్టే దానికి ఒకే డిస్‌ప్లే భాష. కీబోర్డులు ఎన్నైనా చేర్చుకోవచ్చు గానీ మెనూల భాష సెట్టింగ్స్‌లో మారదు. డబ్బు కట్టి ప్రోకు మారడం ఒక దారి. అదే రకం విండోస్‌ను అరబిక్‌లో మొదటి నుంచి వేసుకోవడం రెండో దారి. లైసెన్సు ఏ రకం విండోస్‌కు ఉందన్నదే లెక్కలోకి వస్తుంది గానీ ఏ భాషలో వేశారన్నది కాదు. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ లైసెన్సు కీ మదర్‌బోర్డులోనే నిక్షిప్తమై ఉంటుంది, ఇన్‌స్టాలేషన్ దాన్ని తానే చదువుకుంటుంది. అయితే ఇలా వేసుకున్నాక మళ్లీ ఇంగ్లిష్‌కు రావాలంటే ఇంకోసారి మొత్తం వేయాల్సిందే. ఆలోచించుకుని దిగాల్సిన పని ఇది.

భాషల పేజీలకు దగ్గర్లోనే యూనికోడ్ కాని ప్రోగ్రాముల భాష అన్న ఎంపిక ఒకటి ఉంటుంది. దాన్ని అరబిక్‌కు మార్చమన్న సలహా పాత అరబిక్ సాఫ్ట్‌వేర్ కోసం ఇస్తుంటారు. డీటీపీ సెంటర్ల వారు ఈ సలహాను గుడ్డిగా పాటించకూడదు. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేసిన తెలుగు పనంతా యూనికోడ్ కాని పాత పద్ధతి మీదే నడుస్తుంది. అందులో తెలుగు ముక్కలు పాశ్చాత్య కోడ్ పేజీలోని గుర్తుల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఆ ఎంపిక అరబిక్‌కు మారితే అవే స్థానాలను సిస్టమ్ అరబిక్ అక్షరాలుగా లెక్కించవచ్చు, పెట్టిన తెలుగు పేజీలు చెదిరిపోవచ్చు. పైగా అది ఒక ఖాతాకు పరిమితమైన మార్పు కాదు, యంత్రమంతటికీ వర్తిస్తుంది. తెలుగు శుభలేఖలు, ఉర్దూ శుభలేఖలు ఒకే కంప్యూటర్ మీద చేసేవారు దాన్ని ఉన్నచోటనే ఉంచి, ఉర్దూను యూనికోడ్‌లో చేసుకోవడం క్షేమం.

మొదటి నుంచి వేయడం

విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ, టీపీఎం 2.0 చిప్, సెక్యూర్ బూట్ ఉన్న యంత్రం కావాలి. విండోస్ 10కు మామూలు సాంకేతిక మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పని మొదలుపెట్టే ముందు ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసుకోవాలి. డిస్కు ఎన్‌క్రిప్షన్ ఉంటే బిట్‌లాకర్ రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోవాలి. వైఫై డ్రైవర్‌ను తయారీదారు సైట్ నుంచి ముందే పెన్‌డ్రైవ్‌లోకి దించుకోవడం మంచిది. డ్రైవర్ లేకపోతే ఇంటర్నెట్ రాదు, ఇంటర్నెట్ లేకపోతే మైక్రోసాఫ్ట్ ఖాతా అడిగే దశ దాటదు. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టి ఉంచాలి, డెస్క్‌టాప్‌కు యూపీఎస్ ఉండాలి. సగంలో కరెంటు పోతే మళ్లీ మొదటికి రావాలి.

మైక్రోసాఫ్ట్ సైట్‌లోని మీడియా క్రియేషన్ టూల్‌ను తెరిచి, కంప్యూటర్‌లో ఉన్న సెట్టింగులే వాడమనే టిక్కును తీసేసి, భాషగా అరబిక్‌ను ఎంచుకోవాలి. ఈ టిక్కు మరిచిపోతే మళ్లీ ఇంగ్లిషే దిగుతుంది. కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి, అందులో అంతకుముందు ఉన్నదంతా చెరిగిపోతుంది. ఎవరో కాపీ చేసి ఇచ్చిన, క్రాక్ చేసిన విండోస్‌ను ఇందుకు వాడకూడదు. బ్యాంకు పాస్‌వర్డులు టైపు చేసే యంత్రం అది, లోపల ఏముందో తెలియని సిస్టమ్‌కు దాన్ని అప్పగించకూడదు.

కంప్యూటర్ ఆన్ చేస్తూ బూట్ మెనూ కీ నొక్కాలి. డెల్, లెనోవో యంత్రాల్లో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. ఆ మెనూ ఇంకా విండోస్‌లోది కాదు కాబట్టి ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. పెన్‌డ్రైవ్‌ను ఎంచుకున్న తర్వాత వచ్చే తెరలన్నీ అరబిక్‌లో, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. ముందుకు వెళ్లే బటన్ అలవాటైన కుడి మూల కాకుండా ఎడమ మూల ఉంటుంది. అరబిక్ రానివారు ఎవరికోసమైనా ఈ పని చేస్తుంటే, అదే వెర్షన్ ఇంగ్లిష్ ఇన్‌స్టాలేషన్ తెరల చిత్రాలను ఫోన్‌లో పక్కన పెట్టుకుంటే దారి తప్పరు.

కీబోర్డు అడిగే చోట ఇంగ్లిష్ అమెరికాను మొదటిదిగా పెట్టి, అరబిక్‌ను రెండోదిగా చేర్చాలి. అరబిక్ ఒక్కటే ఉంటే పాస్‌వర్డ్ అరబిక్ అక్షరాల్లో పడిపోతుంది. మరునాడు తెర మీద చుక్కలే కనిపిస్తాయి కాబట్టి ఏ భాషలో కొట్టారో అర్థం కాక సొంత కంప్యూటర్‌లోకే వెళ్లలేకపోతారు. ప్రవేశ తెర మూలన ఉండే భాష గుర్తును చూశాకే పాస్‌వర్డ్ కొట్టడం అలవాటు చేసుకోవాలి. లోకల్ ఖాతా పెట్టుకునేవారు యూజర్ పేరును మొదట ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఇవ్వాలి. ఆ పేరుతోనే ఫోల్డర్ ఏర్పడుతుంది, ఫోల్డర్ పేరు అరబిక్‌లో ఉంటే కొన్ని పాత ప్రోగ్రాములు దాన్ని చదవలేక ఆగిపోతాయి. తర్వాత కనిపించే పేరును అరబిక్‌లోకి మార్చుకున్నా ఫోల్డర్ అలాగే ఉంటుంది.

పార్టిషన్ల తెర దగ్గర నిదానించాలి. అక్కడ చెరిపేసింది తిరిగి రాదు. ఏ డ్రైవ్ ఏదో పేరును బట్టి కాక దాని పరిమాణాన్ని జీబీల్లో చూసి గుర్తుపట్టాలి. ముందు రోజే పరిమాణాలు రాసి పెట్టుకుంటే తప్పు జరగదు. దేశం అడిగినప్పుడు భారత్‌ను ఎంచుకోవాలి. సౌదీ అని వదిలేస్తే గడియారం రెండున్నర గంటలు వెనక నడుస్తుంది, తేదీలు హిజ్రీ క్యాలెండర్‌లో కనిపించవచ్చు, రూపాయి గుర్తు బదులు రియాల్ వస్తుంది. జీఎస్‌టీ బిల్లులు కొట్టే దుకాణానికి ఇది చిన్న విషయం కాదు. భాష అరబిక్‌గా ఉంచి, ప్రాంతీయ పద్ధతులను భారత్‌కు పెట్టుకోవడానికి విండోస్‌లో ఏ అడ్డంకీ లేదు.

అంతా పూర్తయ్యాక కనిపించే తెరలో స్టార్ట్ వైపు, గడియారం వైపు తారుమారై ఉంటాయి. కిటికీని మూసే గుర్తు ఎడమ మూలకు వస్తుంది, స్క్రోల్ పట్టీ ఎడమ వైపుకు చేరుతుంది. ఇంగ్లిష్ ప్రోగ్రాములు మాత్రం వాటి పాత పద్ధతిలోనే తెరుచుకుంటాయి, అందుకే ఒకే తెర మీద ఒక కిటికీకి మూసే గుర్తు ఎడమన, ఇంకోదానికి కుడిన ఉంటుంది. చేతికి అలవాటు కావడానికి కొన్నాళ్లు పడుతుంది.

లైసెన్సు గొడవ లేని దారి

పాత కంప్యూటర్లకూ, బడులకూ, మదర్సాలకూ లైనక్స్ ఇంకా సులువైన దారి. ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్‌ను ఆన్ చేసి, మొదటి తెరలో అరబిక్‌ను ఎంచుకుంటే, డిస్కులో ఏదీ ఎక్కించకుండానే అరబిక్ సిస్టమ్‌ను వాడి చూడవచ్చు. నచ్చితే అప్పుడే ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. కొనాల్సింది ఏదీ లేదు, ఒకే భాష అన్న పరిమితి లేదు. విండోస్‌ను ఉంచి దాని పక్కనే వేసుకునే వీలుంది, కానీ అప్పుడు కూడా ఫైళ్లు ముందే కాపీ చేసుకోవాలి. లైనక్స్ మెనూల అరబిక్ అనువాదం వెనక 2001లో మొదలైన అరబ్‌ఐస్ బృందం వంటి స్వచ్ఛంద కార్యకర్తల శ్రమ ఉంది. మన దేశంలో సీడాక్ సంస్థ భారతీయ భాషల కోసం బాస్ లైనక్స్‌ను తయారుచేసింది. ఒకే కంప్యూటర్‌ను పంచుకునే తరగతి గదిలో ఒక్కో విద్యార్థికి ఒక్కో ఖాతా ఇచ్చి, తెలుగు మీడియం పిల్లలకు తెలుగు, ఉర్దూ మీడియం పిల్లలకు ఉర్దూ పెట్టవచ్చు. అనువాదం కాని చోట ఇంగ్లిష్ కనిపిస్తుంది, అయినా తన లిపిలో తెర చూసిన పిల్లవాడికి కంప్యూటర్ పట్ల బెరుకు పోతుంది.

గల్ఫ్ నుంచి తెచ్చిన ల్యాప్‌టాప్

దీనికి ఎదురు సమస్య కూడా ఉంది. సౌదీలోనో కువైట్‌లోనో కొన్న ల్యాప్‌టాప్ ఇంటికి వస్తుంది, మెనూలన్నీ అరబిక్‌లో ఉంటాయి, ఇంట్లో ఎవరికీ ఆ భాష రాదు. అది హోమ్ సింగిల్ లాంగ్వేజ్ రకం కాకపోతే ఇక్కడ కూడా ఫార్మాట్ మొదటి మందు కాదు. విండోస్ కీతో ఐ నొక్కితే సెట్టింగ్స్ తెరుచుకుంటుంది. కుడి వైపు వరుసలో గడియారం బొమ్మ ఉన్నది భాషల విభాగం. అందులోని భాషల పేజీలో పైన ఉన్న డిస్‌ప్లే భాష గడిలో ఇంగ్లిష్ ఉంటే దాన్ని ఎంచుకుని సైన్ అవుట్ అయితే చాలు. జాబితాలో ఇంగ్లిష్ పేరు ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంటుంది కాబట్టి గుర్తుపట్టడం తేలిక. అక్కడ లేకపోతే భాష చేర్చే బటన్ నొక్కి, వెతికే గడిలో ఇంగ్లిష్ అని కొట్టి ప్యాక్ దించుకోవాలి. తెలుగు కూడా అలాగే వస్తుంది, కాకపోతే తెలుగు ప్యాక్ ఇంగ్లిష్ మీద ఆధారపడుతుంది కాబట్టి ముందు ఇంగ్లిష్ చేర్చుకోవాలి. భాష మార్చాక టైమ్ జోన్, కరెన్సీ, క్యాలెండర్ విడిగా మార్చుకోవాలి. పాత పాస్‌వర్డ్ అరబిక్ అక్షరాల్లో ఉంటే అరబిక్ కీబోర్డును తీసేసే ముందు పాస్‌వర్డ్ మార్చుకోవాలి. కీల మీద అరబిక్ అక్షరాలు ముద్రించి ఉన్నా ఇంగ్లిష్, తెలుగు టైపింగ్‌కు ఏ ఆటంకం ఉండదు. ఇంట్లో ఉర్దూ లేదా అరబిక్ నేర్చుకునే పిల్లలుంటే ఆ కీబోర్డు వారికి ఉపయోగపడుతుంది.

ఏ దారిలో వేసినా పని పూర్తయిందో లేదో తేల్చుకోవడానికి ఒక పేజీ పరీక్ష సరిపోతుంది. ఒకే పంక్తిలో ఒక ఉర్దూ వాక్యం, మధ్యలో తాండూరు అన్న పేరు తెలుగులో, చివర ఒక తేదీ, హైఫన్ ఉన్న ఫోన్ నంబరు టైపు చేయాలి. దాన్ని పీడీఎఫ్‌గా మార్చి ఫోన్‌లో తెరిచి చూడాలి, ప్రింటు తీయాలి, పీడీఎఫ్ నుంచి కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించాలి. అక్షరాలు విడిపోకుండా, అంకెలు తిరగబడకుండా మూడు చోట్లా సరిగ్గా వచ్చి, వెతికే గడిలో ఆ ఉర్దూ పేరు కొడితే దొరికితే కంప్యూటర్ పనికి సిద్ధమైనట్టే. ప్రింటులో మాత్రమే తేడా వస్తే అది ప్రింటర్ డ్రైవర్ సమస్య అయి ఉంటుంది, పీడీఎఫ్ నుంచి ప్రింటు తీస్తే సాధారణంగా సరిపోతుంది. తెర మీదే అక్షరాలు విడివిడిగా కనిపిస్తే ఆ ప్రోగ్రాము పాతది, దాన్ని మార్చాలి. నోట్‌ప్యాడ్‌లో అర్థంలేని గుర్తులు పడితే ఆ ఫైల్ యూనికోడ్‌లో లేకపోవచ్చు, అలాంటప్పుడు కన్వర్టర్‌తో మార్చి మళ్లీ పరీక్షించాలి.